ముందు ఖాళీ విను

ఆమధ్య ఒక ఆదివారం బాల్కనీలో స్టూలు వేసుకుని సోల్డరింగ్ ఐరన్ వేడి చేశాను. సీసం తీగ కొసకి తగలగానే సన్నటి పొగ లేచింది. లోపల్నుంచి మా ఆవిడ కేకేసింది: "ఏవండీ, గుగ్గిలం వేశారేటి? ఇవాళేటి పండగ?"

ఆవిడది పర్లాకిమిడి. నాది బరంపురం. ఆ పక్క దీపాల వేళ గుగ్గిలం పొగ పట్టని వీధి ఉండదు. మనం గుగ్గిలం అంటాం, ఒడియావాళ్ళు ఝుణా అంటారు. రెండూ సాలచెట్టు బంకే. సోల్డరింగ్ తీగ లోపల ఉండే రోజిన్ పైన్ చెట్టు బంక. చెట్లు వేరైనా వాసనలు అక్కాచెల్లెళ్ళు. నలభై ఏళ్ళుగా విశాఖలో ఉంటున్నా ఐరన్ పట్టుకున్న ప్రతిసారీ నా ముక్కు నన్ను బడాబజార్ వెనక సందులోకి లాక్కుపోతుంది.

ఇంతకీ నేను అతికిస్తున్నది ఫోనో ప్రీ ఆంప్, అంటే రికార్డు ముల్లు నుంచి వచ్చే బలహీనమైన శబ్దాన్ని పెంచే చిన్న పెట్టె. ఇక్కడ పాత సామాన్ల కొట్లో ఒక టర్న్‌టేబుల్ దొరికితే బేరమాడి తెచ్చాను. దానికి పెట్టె కొనుక్కోవచ్చు. కొంటే అయిపోతుంది కదా, అదే ఇబ్బంది. ఇలాంటిది నేను కట్టడం ఇది మూడోసారి. రెండోదాని గురించి చెప్పుకోవడానికేం లేదు. మొదటిదే చెప్పాలి.

* * *

మా వీధిలో మగ్గాలుండేవి. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, రెండిళ్ళలోనూ అదే పట్టు, అదే గుంట మగ్గం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, అందుకని మా ఊళ్ళో ఏ పెద్దాయన మాట చూసినా సగం అక్కడా సగం ఇక్కడా ఉండేది. మా నాన్న పట్టుచీరల కొట్లో గుమాస్తా. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కోపం వస్తే రెండూ.

ఒక ఏడాది దసరా బోనస్‌కి నాన్న రికార్డు ప్లేయర్ తెచ్చాడు. మూత తీస్తే సూట్‌కేసులా ఉండేది, స్పీకరు దాని కడుపులోనే. అమ్మ దాని మీద క్రోషా గుడ్డ కప్పింది. ఇంటికెవరొచ్చినా ముందు ఆ గుడ్డ చూసి, తర్వాత అమ్మని చూసి, "ఏటిది?" అని తెలియనట్టు అడిగేవారు.

రికార్డు పెట్టడానికి మాకో వేళ ఉండేది. పక్కింటి మగ్గం పలక కొడుతుంటే ఆ దెబ్బ నేల పట్టుకుని మా ఇంట్లోకొచ్చేది. ముల్లు ఎగిరి నాలుగు గాళ్ళు అవతల పడేది. కాబట్టి పక్కింటాయన పఖాళ తినడానికి లేచే దాకా ఆగాలి. మనం చద్దన్నం అనుకునేదే, వాళ్ళు మధ్యాహ్నం తింటారు. మగ్గం ఆగగానే అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఊఁ, పెట్టు" అనేది. ఆయన తిని, కాసేపు నడుం వాల్చి లేచేలోపు ఒక ఎల్పీ రెండు పక్కలూ అయిపోవాలి. ఒక్కోసారి ఆఖరి పాట చరణంలో ఉండగానే పక్కింట్లో దగ్గు వినిపించేది. మేం ముగ్గురం గోడ వైపు చూసేవాళ్ళం.

మావి కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. రికార్డులు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయినవి. ఒక్కో రికార్డుకీ ఒక్కో దెబ్బ. ఒకదాని మీద చెల్లి గాజుల చెయ్యి వేసింది. ఒకదాన్ని నేనే జారవిడిచాను. ఇంకోటి తిరుగుతుండగా పైన మేకుకి తగిలించిన నాన్న గొడుగు ఊడిపడింది. నిమిషానికి 33 చుట్లు కదా, రెండు సెకన్లు తిరక్కుండానే ఆ గీత మళ్ళీ ముల్లు కిందికొస్తుంది. గొడుగు రికార్డుకి పక్కపక్కనే రెండు దెబ్బలు: టక్‌టక్... టక్‌టక్... పాట మొదలవకముందు ఉత్త గాడి తిరిగేటప్పుడే అది వినపడేది. మాకది పాటలో భాగం. ఒకసారి పెళ్ళిలో ఎవరో ఆ పాట పాడుతుంటే మా చెల్లి సరిగ్గా ఆ చోట్లలో నాలికతో టక్‌టక్ అంది. అమ్మ తొడపాశం పెట్టింది.

* * *

వానాకాలం వస్తే పాట సన్నబడిపోయేది. మొదటి ఏడాది ముల్లు అరిగిందనుకుని మార్చాం. లాభం లేకపోయింది. నాన్న ప్లేయర్ చంకన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని రేడియో భాయినా దగ్గరికి తీసుకెళ్ళాడు.

భాయినా అంటే ఒడియాలో అన్నయ్య. ఆయన్ని ఊరంతా అలాగే పిలిచేది. సైన్యంలో వైర్‌లెస్ పని చేసి వచ్చినాయన. కొట్టు నాలుగడుగుల వెడల్పు. లోపల ఒక ఆయన, ఒక బల్ల, ఒక బల్బు, మిగతా చోటంతా విప్పిన రేడియోలు. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరిగే నెలలో ఆ రేడియోలు కదిలేవి కావు. ఆయన మైకుసెట్లన్నీ యాత్రలో, ఆయనా యాత్రలో.

నాన్నని చూసి, "ఆజ్ఞా, రండి" అన్నాడు. ఆర్మ్ తిప్పి, ముల్లు బిగించి ఉండే కార్ట్రిడ్జ్ ఊడదీసి, బ్లేడుతో దాని పొట్ట తెరిచి నాకు చూపించాడు. లోపల చిన్న పలుకు, కలకండ ముక్కలా. ఒక అంచున నానిన పంచదారలా చెమ్మగా, గుజ్జుగా ఉంది.

"ఇది ఉప్పు బాబూ," అన్నాడు తన ఒడియా యాసలో. "ముల్లు ఒత్తితే దీన్లో కరెంటు పుడుతుంది. గోపాల్‌పూర్ సముద్రం ఎంత దూరం? నాలుగు కోసులు. ఉప్పు నీళ్ళు తాగకుండా ఉంటుందా?"

రాషెల్ సాల్ట్ అనేది దాని పేరని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. వేడి పడదు, తేమ పడదు. మా ఊళ్ళో ఆ రెండు తప్ప ఇంకేం ఉండేవి! ఏటా శ్రావణంలో ఒక కార్ట్రిడ్జ్ మార్చేవాళ్ళం. తర్వాత సిరామిక్‌వి వచ్చాయి, ఆ బాధ తప్పింది. కానీ ఆ నానిన పలుకు చూసిన రోజు నుంచి బడి వదలగానే నా కాళ్ళు ఇంటికి పోవడం మానేశాయి.

* * *

మా పెదమావయ్య విశాఖ పోర్టులో పనిచేసేవాడు. ఓడ దిగిన ఎవరి దగ్గరో కొని, నేను కాలేజీలో చేరిన ఏడాది, గోనెసంచీలో చుట్టి ఒక టర్న్‌టేబుల్ తెచ్చాడు. బరువైన పళ్ళెం, సన్నటి వెండి చెయ్యి, దాని చివర అయస్కాంతం కార్ట్రిడ్జ్. స్పీకరు లేదు, ఏమీ లేదు.

మా వాల్వు రేడియో వెనక 'గ్రామ్' అని రెండు కన్నాలుండేవి. వాటిలో వైర్లు గుచ్చి, రికార్డు పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. డబ్బాలో పడ్డ దోమ పాడినట్టు వినిపించింది. బేస్, అంటే అడుగు శబ్దం, అన్నది లేదు. తబలా ఉన్నచోట ఎవరో గోటితో రేకు గీకుతున్నట్టుంది.

"ఏటిరా ఇది, మావయ్య మోసపోయాడేటి?" అంది అమ్మ.

భాయినా విని నవ్వాడు. నాన్న పని ఆయనకి తెలుసు కాబట్టి చీర మీద పెట్టి చెప్పాడు. పట్టుచీర పెట్టెలో పట్టాలంటే మడత పెట్టాలి. విప్పేవాడు అదే మడతల మీద విప్పాలి. రికార్డు కోసేటప్పుడూ అంతే. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే ముల్లు అటూ ఇటూ పెద్దగా ఊగుతుంది, గాడి పక్క గాట్లోకి పోతుంది. అందుకని తగ్గించి కోస్తారు. ట్రెబుల్, అంటే సన్నటి పై శబ్దం, మామూలుగా కోస్తే ముల్లు రాపిడి శబ్దంలో మునిగిపోతుంది. అందుకని పెంచి కోస్తారు. వినేచోట సరిగ్గా దానికి తిరగేసి, బేస్ పెంచాలి, ట్రెబుల్ తగ్గించాలి. అమెరికా రికార్డుల సంఘంవాళ్ళు 1954లో ఈ మడతకి ఒక లెక్క కట్టారు, దాన్నే ఆర్.ఐ.ఎ.ఎ. కర్వ్ అంటారు. మలుపులు మూడు: సెకనుకి 50, 500, 2122 కంపనాల దగ్గర, వాటినే సైకిళ్ళు అనేవాళ్ళం. అట్టడుగు బేస్ దాదాపు పదోవంతుకి దిగుతుంది, పై కొస ట్రెబుల్ దాదాపు పదింతలవుతుంది.

"మరి మా పాత ప్లేయర్‌కి ఇవేం లేవు కదా?" అన్నాను.

"ఆ ఉప్పు తెలివైంది. ముల్లు ఎంత ఊగితే అంత కరెంటు ఇస్తుంది, అందుకని మడత సగం దానంతటదే విప్పుతుంది. అర వోల్టు దాకా ఇస్తుంది. ఇది అయస్కాంతం. బాగా పాడుతుంది, గానీ గొంతు పెగలదు. నాలుగైదు మిల్లీవోల్టులు, అంతే."

అంటే వందో వంతు. దానికి ముందో పెట్టె కట్టాలి. కట్టమన్నాడు. తను కట్టనన్నాడు.

* * *

రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్. బి.సి.149లు, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌వి, మూడు చదునైన కాళ్ళతో చిన్న నల్ల గింజల్లా ఉండేవి. స్టీరియో అన్న మాటే ఎత్తలేదు, మా దగ్గరున్నవన్నీ మోనో రికార్డులే. కార్ట్రిడ్జ్ రెండు పక్కలూ కలిపేసి ఒకటే దారి చేశాం. సగం ఖర్చు మిగిలింది. కండెన్సర్లు భాయినా పాత రేడియోల నుంచి పీకినవి. వాటి మీద రాసిన విలువకీ లోపలున్న విలువకీ చుట్టరికం కూడా లేదని అప్పటికి నాకు తెలీదు.

వారం రోజులు రాత్రిపూట పని. లో వోల్టేజీలో బల్బు ఎర్రగా నిప్పుకణికలా ఉండేది. పూర్తయ్యాక రికార్డు పెడితే పాట వచ్చింది, గట్టిగానే వచ్చింది. కానీ పాడేవాడి మూతి మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంది. 'స' అనే అక్షరమే లేదు. రెండు రోజులు కర్వ్ లెక్కలన్నీ తిరగేశాను. మూడో రోజు పొద్దున్న వరండాలో ఎండలో బోర్డు చూస్తే తెలిసింది. కార్ట్రిడ్జ్ ఎదుట 47 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. దాని విలువ చెప్పేవి మీద ఉన్న రంగు గీతలే: పసుపు, వంగపండు, నారింజ. నేను పెట్టింది పసుపు, వంగపండు, ఎరుపు. నాలుగున్నర కిలో ఓమ్ చిల్లర. ఆ బల్బు కింద నారింజకీ ఎరుపుకీ తేడా ఎవడికి తెలుస్తుంది! అయస్కాంతం చుట్టూ తీగ చుట్టే ఉంటుంది కదా, ఎదుట అంత చిన్న రెసిస్టర్ పెడితే దాని పై గొంతు నొక్కేస్తుంది. ఒక రంగు గీత మారిస్తే 'స' తిరిగొచ్చింది.

దుప్పటి తీశాక దాని కింద దాక్కున్నది బయటపడింది. గుంయ్య్.

ఈ గుంయ్య్ గురించి ఒక పుస్తకం రాయొచ్చు. మన కరెంటు 50 సైకిళ్ళది. ఆ మడత విప్పే లెక్క చూస్తే, 1000 దగ్గర వంద రెట్లు పెంచే పెట్టె 50 దగ్గర ఏడు వందల రెట్లు పెంచుతుంది. ఇంట్లో ఉన్న ప్రతి వైరూ, ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ పలికేది సరిగ్గా ఆ చోటే. దొంగకి తాళం చేతికిచ్చి కాపలా పెట్టుకున్నట్టు.

భాయినా ఇంటికే వచ్చాడు. రికార్డు తీసేయమన్నాడు. వాల్యూమ్ మొత్తం తిప్పి బాసింపట్టు వేసుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నేను రికార్డు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు ఖాళీ విను. పాట తర్వాత."

అలా ఎంతసేపు విన్నామో. కాసేపటికి అది ఒకటే శబ్దం కాదని తెలిసింది. అడుగున లావుగా ఒకటి, దాని మీద కందిరీగలా ఇంకోటి, వెనకాల ఇసుక రాలినట్టు సర్‌ర్‌ర్. భాయినా ట్రాన్స్‌ఫార్మర్ని జానెడు పక్కకి జరిపాడు, లావుది తగ్గింది. టర్న్‌టేబుల్ అడుగు నుంచి ఒక వైరు తెచ్చి ప్రీ ఆంప్ ఎర్త్‌కి అతికాడు, కందిరీగ పోయింది. సర్క్యూట్లో నేను ఎక్కడపడితే అక్కడ కట్టిన ఎర్త్ వైర్లన్నీ విప్పించి ఒకటే చోటికి తెప్పించాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "అమ్మా, డాల్డా డబ్బా ఉందా, ఖాళీది?"

అమ్మ ఇవ్వలేదు. పసుప్పచ్చ డబ్బా, దాని మీద చెట్టు బొమ్మ, ఆ డబ్బా కోసం వీధిలో ఆడవాళ్ళు ముందే చెప్పి పెట్టుకునేవారు. నాన్న చెప్పాక, మూత లేని సొట్టదొకటి తెచ్చింది. పైన తగరం పూతున్న ఇనప రేకు కాబట్టి సీసం వెన్నలా అంటుకుంటుంది. మూడు కన్నాలు పొడిచి, బోర్డు లోపల పెట్టి, రేకునే ఎర్త్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ని బయటే ఉంచేశాం. గుంయ్య్ పూర్తిగా చావలేదు, మూల గదిలోకెళ్ళి పడుకున్నట్టయింది. పరీక్షకని ఆయన తన రికార్డులు రెండు తెచ్చాడు. అవి పెట్టి విన్నాక, "హఉ," అన్నాడు. అంటే సరే అని. ఆయన నోట్లోంచి అంతకుమించి పొగడ్త నేను వినలేదు.

ఆ రాత్రి గొడుగు రికార్డు పెట్టాం. ఎన్ని వందలసార్లు విన్న పాటో. దాంట్లో తబలా ఎడమ చెయ్యి వాయిస్తోందని అప్పుడే తెలిసింది. నాన్న ఏమీ అనలేదు. రెండో పక్క తిప్పమన్నట్టు వేలు గుండ్రంగా తిప్పాడు.

* * *

చేతులకి పొగరు పట్టిన రోజులవి. అమ్మకి పుట్టింటివాళ్ళిచ్చిన 78 చుట్ల పాత రికార్డు ఒకటుండేది. గాళ్ళలో బూజు కనిపిస్తే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి తళతళలాడేలా తుడిచాను. దూది నల్లగా అయింది. ఎంత మురికో అని సంతోషపడి ఇంకాస్త తుడిచాను. అది మురికి కాదు, రికార్డే. ఆ పాత ప్లేట్లు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్లో కరిగిపోతుంది, ఫర్నిచర్‌కి వేసే పాలిష్ అదేగా. ఆరాక అద్దంలా ఉండాల్సింది బూడిద గుమ్మడికాయలా తయారైంది. పెడితే గొంతు లేదు, వాన చప్పుడు. అమ్మ తిట్టలేదు. ఆ రికార్డు కవరు మాత్రం చాలాకాలం బీరువాలో ఉంచుకుంది, ఖాళీగా.

* * *

తర్వాత ఉద్యోగం, విశాఖ, క్యాసెట్లు, పెళ్ళి, సీడీలు. నాన్న పోయాడు. రేడియో భాయినా కూడా పోయాడని ఎవరో ఫోన్లో, వేరే మాటల మధ్యలో చెప్పారు.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ముందే ఊళ్ళు ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మా ఇంటి పెంకులు దక్కలేదు. కింది అరలో ఉన్న రికార్డుల పెట్టె రెండు రోజులు నీళ్ళలో నానింది. నేను వెళ్ళేసరికి అమ్మ వాటిని వరండాలో గోడకి వరసగా చేరవేసి, నీడలో ఆరబెట్టింది, అప్పడాల్లా. కవర్లు ముద్దయ్యాయి. లేబుళ్ళు ఊడిపోయి కుక్కలన్నీ కొట్టుకుపోయాయి. నల్లటి పళ్ళేలు మిగిలాయి, ఏది ఏదో తెలీదు. మధ్యలో నున్నటి చోట గీసిన నంబర్లుంటాయి గానీ, ఆ నంబరుకి ఏ పాటో చెప్పేవాడేడీ? అలాగే కట్టగట్టి అటక మీద పెట్టేశాం.

* * *

బాల్కనీలో కట్టిన మూడో ప్రీ ఆంప్ తీసుకుని పోయిన వారం బరంపురం వెళ్ళాను. ఇప్పుడన్నీ సుళువే. 5532 అనే ఒక్క ఐ.సి. చిప్పు, ఒక శాతం తేడా కూడా లేని రెసిస్టర్లు, మీటరు పెట్టి ఏరుకున్న కండెన్సర్లు, రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు. గోడ కరెంటుతో సంబంధమే లేదు. డబ్బా మాత్రం అల్యూమినియంది. డాల్డా డబ్బా కోసం ఇంట్లో వెతికితే పెరట్లో దొరికింది. బోర్డు ఎప్పుడో పోయింది. అమ్మ దాంట్లో బట్టల క్లిప్పులు వేసుకుంటోంది. నేను పొడిచిన మూడు కన్నాలూ అలాగే ఉన్నాయి. "వాన నీళ్ళు కారిపోతాయి, మంచిదే చేశావు," అంది.

టర్న్‌టేబుల్ బల్ల మీద పెట్టి, అన్నీ కలిపి, రికార్డు వెయ్యకుండా వాల్యూమ్ మొత్తం తిప్పాను. ఏమీ లేదు. ఇసుక కూడా చెవి ఆనిస్తే తప్ప లేదు. పక్కింట్లో మగ్గం లేదు, తీసేసి చాలా ఏళ్ళయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పాడయిపోయిందేటిరా?" అంది అమ్మ. "గుంయ్యిమనట్లేదు."

ఒక నల్ల పళ్ళేన్ని తడిగుడ్డతో తుడిచి ముల్లు దించాను. గాడి తిరుగుతోంది. టక్‌టక్... టక్‌టక్...

"గొడుగుది," అంది అమ్మ, చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా.

పదకొండు రికార్డులు. తొమ్మిదింటికి పాట మొదలవకముందే చెప్పేసింది. ఇది గాజులది, ఇది నువ్వు పడేసింది, ఇది ఎలక కొరికింది. తబలా మరీ ఎక్కువైందని, వెనకటి పెట్టెలోనే బాగుండేదని కూడా చెప్పింది. మిగిలిన రెండూ మొత్తం విని పెదవి విరిచింది.

"ఇవి మనవి కావు. భాయినావి. అప్పుడు తెచ్చి వదిలేశాడు. కొడుకున్నాడు కదా, ఇచ్చేసి రా."

సాయంత్రం సంచీలో వేసుకుని వెళ్ళాను. సందులో గుగ్గిలం పొగ. అదే నాలుగడుగుల కొట్టు, ఇప్పుడు మొబైల్ రిపేర్లు. కొడుకు ఒక ఫోను పొట్ట తెరిచి భూతద్దంలోంచి చూస్తున్నాడు. రికార్డులు తీసి, లైటు కిందికి వంచి, అటూ ఇటూ తిప్పాడు.

"ఇవి వినాలంటే మా దగ్గర పెట్టె లేదు అంకుల్," అన్నాడు. ఒకటి నాకు తిరిగిచ్చేసి, రెండోదాన్ని వెనక మేకుకి తగిలించాడు.